పదకొండు చోట్ల కొట్టేసిన ఎడమ

ఆ పుస్తకంలో పదకొండు చోట్ల ‘ఎడమ’ అన్న మాట కొట్టేసి, పైన ఎర్ర ఇంకుతో ‘కుడి’ అని రాసింది నేనే. ప్రూఫులు దిద్దేవాళ్లు పెట్టే గుర్తు పెట్టి, పక్కకు గీత లాగి, చూసినవాళ్లకు అనుమానం రాకుండా రాశాను. ముప్పై ఏళ్లు పత్రికలో పనిచేసిన చెయ్యి కదా, అక్షరాలు గుండ్రంగానే వచ్చాయి. ఇప్పుడు వాటిని చూస్తే ఒళ్లు మండుతుంది.

పుస్తకం వింగ్ చున్ అనే చైనా యుద్ధవిద్య గురించి. ఆ విద్యలో అన్నింటికంటే ముందు నేర్పేది ఒక కదలికల వరస. దాని పేరుకు ‘చిన్న ఆలోచన’ అని అర్థమట. అందులో పాదాలు కదలవు. వేళ్లు లోపలికి, మడమలు బయటికి పెట్టి, మోకాళ్లు కాస్త వంచి, నిలబడ్డ చోటే నిలబడి అంతా చేతులతోనే చేయాలి. పిడికిళ్లు ఛాతీ పక్కన ఉంటాయి. ఒక చెయ్యి అరచేయి పైకి తిప్పి, మోచేయి పొట్టకు పిడికెడు దూరంలోనే ఉండేలా, నత్త నడిచినట్టు ముందుకు పోనివ్వాలి. మణికట్టు తిప్పాలి, వెనక్కి తేవాలి, మళ్లీ పోనివ్వాలి. ముందు ఎడమ చేత్తో ఇదంతా అయ్యాక కుడి చేత్తో అదే చేయాలి. ఈ చివరి వాక్యమే నాకు రెండేళ్లు తెలియలేదు.

పుస్తకం మిర్యాలగూడ బస్టాండు దుకాణంలో దొరికింది. ఏళ్ల తరబడి డెస్కులో వార్తలు దిద్ది, ఉద్యోగంలో చివరి ఏళ్లు అక్కడే విలేకరిగా ఉన్నాను. రైసుమిల్లుల ఊక, ధాన్యం లారీల బారులు, యాసంగికి సాగర్ నీళ్లు వస్తాయా రావా అన్న వార్తలు రాసి రాసి నడుము పట్టేసింది. ఒక బడి మైదానంలో ఇలాంటి విద్యలు నేర్పే మాస్టరు ఉన్నాడంటే ఒక ఆదివారం వెళ్లాను.

“ఎవల్ని చేర్పిస్తరు సార్, మనుమడినా?” అన్నాడు.

“నేనే నేర్చుకుంట.”

నన్ను పైనుంచి కిందికి చూశాడు. “గీ వయసుల మీకెందుకు సార్ ఇదంత? పొద్దుగాల లేసి జర నడువుండ్రి, సరిపోతది.”

అప్పటికి నాకు యాభై ఏడు. మైదానంలో ఆరేడేళ్ల పిల్లలు నడుముకు పచ్చ బెల్టులు కట్టుకొని నిలబడ్డారు. ఒక్కడికీ కాళ్లు నిలకడగా లేవు. పరీక్ష పెట్టారు, సర్టిఫికెట్టు ఇచ్చారు, ఫొటో తీసి మా పత్రికకే పంపించారు. ఆ ఫొటో కింద వార్త రాసింది కూడా నేనే. వీళ్లకు లేని వయసు పట్టింపు నాకెందుకు పెట్టాడని కోపంతో తిరిగొస్తుంటే బస్టాండులో ఆ తెలుగు పుస్తకం కనబడింది. ప్రతి కదలికకూ ఒక ఫొటో, కింద నాలుగు వాక్యాలు. ఇక మాస్టరుతో పనేముంది అనుకున్నాను.

ఫోనులో వీడియోలు ఉన్నాయి కదా అని చాలామంది అడిగారు. చూశాను. ఒక్కొక్కరు ఒక్కో రకంగా చేస్తున్నారు, ప్రతివాళ్లూ పక్కవాడిది తప్పంటున్నారు. అచ్చులో ఉన్నదాన్ని నలుగురు చూస్తారు, దిద్దుతారు, ఆ తర్వాతే అది బయటికొస్తుంది. నేను నమ్మింది అది. జీవితమంతా ఆ నమ్మకం మీదే బతికాను.

రిటైరై సూర్యాపేటకు వచ్చాక పొద్దున్నే మేడ మీద పుస్తకం గోడకు ఆనించి, చూస్తూ సాధన మొదలుపెట్టాను. మొదటి వారంలోనే చిక్కు వచ్చింది. ఎడమ పేజీలో వాక్యం ‘ఎడమ చేయి చాచాలి’ అంటుంది. పైన ఫొటోలో గురువుగారు కుడి చెయ్యి చాచి ఉన్నాడు. కుడి పేజీలో వాక్యమూ కుడే, ఫొటోలోనూ కుడే. పుస్తకం నిండా అచ్చుతప్పులు. మోకాలు ఉండాల్సిన చోట మోచేయి అని ఉంది, ఒకచోట ‘శ్వాస’ బదులు ‘శాస్త్ర’ అని ఉంది. ఇన్ని తప్పులు చేసినవాడు ఇక్కడా చేశాడని తేల్చుకున్నాను. రాతకూ ఫొటోకూ పేచీ వస్తే ఫొటోనే నమ్మాలన్నది మా ఆఫీసులో పాత మాట. రాసేవాడు పొరబడతాడు, కెమెరా పొరబడదు. ఎర్ర పెన్ను తీశాను. పదకొండు చోట్ల దిద్దాను.

అలా రెండుసార్లూ కుడి చేత్తోనే చేస్తూ పోయాను. ఒకే చేత్తో రెండుసార్లెందుకని నా బుర్రకు తట్టకపోలేదు. గట్టిపడడానికి అని నాకు నేనే జవాబు చెప్పుకున్నాను.

అది నాతో ఆగిపోతే ఇంత కోపం వచ్చేది కాదు.

మా చెల్లె కోదాడలో బట్టలు కుడుతుంది. ఇరవై ఏళ్లుగా అదే గది, అదే మిషను. ఒక వానాకాలం దుకాణం మెట్టు మీద జారి ఎడమ చెయ్యి విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక ఎముక అతికింది గానీ భుజం పట్టేసింది. చెయ్యి ఛాతీ దాటి పైకి లేవదు. కత్తెర కుడి చేతిదే అయినా గుడ్డను అదిమి పట్టి జరిపేది ఎడమ చెయ్యే. కుట్టిన బట్టలు పైన కడ్డీకి తగిలించాలన్నా అదే లేవాలి. చెయ్యి రాకపోతే దుకాణం మూసుకోవాల్సిందే. దవాఖానలో చేతికి వ్యాయామాల కాగితం ఒకటి ఇచ్చారు. చేస్తూనే ఉంది. అప్పుడు అన్నగా నేను వెళ్లి నా పుస్తకం జిరాక్సు తీయించి ఇచ్చాను. నా దిద్దుబాట్లతో సహా.

“చేతుల మీద నడిచే విద్యమ్మా ఇది. నెమ్మదిగ చేస్తరు. నీకు మంచిగ పనిజేస్తది.”

కాగితాలు తిరగేసి అడిగింది. “నాకు రానిది ఎడమ చెయ్యి కదన్నా. ఇందులో మొత్తం కుడిచెయ్యే ఉందేంది?”

ఆ ప్రశ్న దగ్గర ఆగి ఉండాల్సింది. ముప్పై ఏళ్లు పక్కవాళ్లను ప్రశ్నలడిగి బతికినవాణ్ని, నన్ను అడిగితే మాత్రం జవాబు అల్లేశాను.

“మొదలు గట్టి చెయ్యితోనే నేర్పుతరు. ఎడమది ఎనక వస్తది.”

ఎవరు చెప్పారు నాకు? ఎవరూ చెప్పలేదు. పుస్తకంలోనూ లేదు. కానీ నేను చెప్పిన తీరుకు ఆమె నమ్మింది. దవాఖాన కాగితం మిషను సొరుగులో పడేసింది. ఎనిమిది నెలలు రోజూ పొద్దున ఊడ్చిన గదిలో నిలబడి, మంచి చెయ్యిని ఇంకా మంచిగా చేసుకుంది. ఆ ఎనిమిది నెలల్లో జాకెట్లు తగ్గించుకుంది, చొక్కాలు మానేసింది. ఎప్పుడు ఫోను చేసినా ఒకటే అడిగేది. “ఎడమది ఇంకెన్నాళ్లకన్నా?” నేను ఒకటే చెప్పేవాణ్ని, “తొందరపడద్దు.”

పోయిన వానాకాలం జిరాక్సు కాగితాలు నలిగిపోయాయంటే అసలు పుస్తకం పట్టుకొని కోదాడ వెళ్లాను. జిరాక్సులో గురువుగారు నల్లటి నీడలా ఉంటాడు. అసలు పుస్తకంలో చొక్కా మడత కూడా కనిపిస్తుంది. చెల్లె మిషను మీద పుస్తకం పెట్టుకొని ఒక పేజీ చూసింది, పక్క పేజీ చూసింది. మళ్లీ మొదటిది చూసింది.

“అన్నా, ఈయన రోజుకో అంగీ వేసుకున్నడా?”

“ఒకటే కదా. ఏమైంది?”

“ఈ పేజీల జేబు ఎడమదిక్కుంది. ఈ పేజీల కుడిదిక్కుంది. కాజాలు చూడు, మగోళ్లకు ఎడమ అంచుకు ఉండాలె. ఇక్కడ ఆడోళ్ల లెక్క కుడి అంచుకున్నయ్. ఏ దర్జీ కుడతాడు ఇట్ల?”

పుస్తకం నా వైపు లాక్కొని పేజీలన్నీ తిప్పి చూశాను. ఎడమ పేజీల్లోని ప్రతి ఫొటోలో జేబు కుడివైపే ఉంది. ఆయన తప్పు చేయలేదు, రాసినవాడూ తప్పు చేయలేదు. ఫొటోను అద్దంలో చూసినట్టు తిప్పేశారు. ఆయన చాచింది ఎడమ చెయ్యే. పుస్తకంలో అది కుడి అయింది.

“అంటే ఎడమ చెయ్యి మొదటి నుంచీ ఉందన్నమాట,” అంది చెల్లె. కోపం లేదు గొంతులో. అది ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

పుస్తకం వెనక ఉన్న నంబరుకు అక్కడే, ఆమె ముందే ఫోను చేశాను. పుస్తకం వేసినాయన మర్యాదగానే మాట్లాడారు.

“అవునండీ, కొన్ని ఫొటోలు మా ఆర్టిస్టు ఫ్లిప్ చేశారు. గురువుగారు అన్ని ఫొటోల్లోనూ ఒకే పక్కకు చూస్తున్నారండీ. ఎడమ పేజీలో మనిషి బయటికి చూస్తున్నట్టుంటే బాగోదు కదా. చూపు పేజీ లోపలికి ఉండాలి.”

“ఏ చెయ్యో నేర్పే పుస్తకమండీ ఇది. చెయ్యి మారిపోయింది.”

“కింద ఎడమ అని రాశాం కదండీ. మీరొక్కరే అడిగారు ఇంతవరకూ.”

ఫోను పెట్టేశాను. అనడానికి ఏం లేక కాదు. చదువుకొని నేర్చుకుందామనుకున్న మనిషి ఎక్కడో పల్లెలో ఒంటరిగా నిలబడి ఆ ఫొటోను దేవుడి పటంలా చూస్తాడని, అడగడానికి పక్కన గురువు ఉండడని ఆయనకు తెలియదా? తెలుసు. పేజీ అందంగా ఉంటే చాలు, తెలుగు పాఠకుడికి ఎడమేదైనా కుడేదైనా ఒకటే అనుకున్నాడు. ఆ ధీమా చూస్తేనే మంట. కానీ ‘చూపు పేజీ లోపలికి ఉండాలి’ అన్న మాట నాదే. డెస్కులో కొత్తగా చేరిన ప్రతివాళ్లకూ మొదటి రోజు నేను నేర్పిన మాట. నాయకుడైనా, రైతైనా, బడిలో పాట పాడే పిల్లైనా సరే, ముఖం బయటికి ఉంటే తిప్పెయ్యండి అనేవాణ్ని. ఇంకొకటీ నేర్పేవాణ్ని. తిప్పే ముందు జేబు చూసుకోండి, గడియారం చూసుకోండి, వెనక బోర్డు మీద అక్షరాలు చూసుకోండి. జేబు మారితే పాఠకుడు పట్టేస్తాడు. ఒకసారి మిల్లర్ల సభ ఫొటోలో జేబులన్నీ కుడివైపుకు వస్తే పొద్దున్నే ఒక పెద్దమనిషి ఫోను చేసి, “మా ఊరి దర్జీలందరికీ ఒకేసారి మతి పోయిందా?” అని అడిగాడు. నవ్వి పెట్టేశాం.

అలాంటి నేను రెండేళ్లు రోజూ పొద్దున ఆ జేబు ఎదురుగా నిలబడ్డాను. చూడలేదు. ఎందుకు చూడలేదంటే, తప్పు అక్షరంలోనే ఉంటుందని ముందే తీర్పు రాసుకున్నాను. అనువదించినాయన ఎవరో గానీ, అన్ని అచ్చుతప్పుల మధ్య ఆ ఒక్క మాటను పదకొండుసార్లు సరిగ్గా రాశాడు. పదకొండుసార్లూ నేనే కొట్టేశాను. మిర్యాలగూడ మాస్టరును తిట్టుకున్నాను, వీడియోలవాళ్లను తిట్టుకున్నాను. వాళ్లలో ఎవరి దగ్గరికి పోయినా మొదటి రోజే “సార్, ఎడమ చెయ్యి ముందు” అని ఉండేవాళ్లు.

చెల్లె సొరుగు లాగి దారపు ఉండల కిందనుంచి దవాఖాన కాగితం తీసింది. మడతల దగ్గర చిరిగి ఉంది. “ముందు ఇది చేస్తా. తర్వాత నీది,” అంది.

“రేపు దవాఖానకు పోదం. నేనూ వస్త.”

“రా. ఈసారి వాళ్లు చెప్పేది దిద్దకు.”

మిషను పక్కన గుడ్డమీద గుర్తులు పెట్టుకునే ఎర్ర పెన్సిలు ఉంది. అది తీసుకొని పుస్తకంలో నేను కొట్టేసిన ప్రతి ‘ఎడమ’ కిందా చుక్కలు పెట్టుకుంటూ పోయాను. పైన రాసిన ‘కుడి’ని కొట్టేశాను. పదకొండు చోట్ల.

“ఆ చుక్కలేందన్నా?”

“కొట్టేసింది తప్పు, మొదలున్నట్టే ఉంచమని అర్థం. ప్రెస్సుల గట్లనే పెడతం.”

“మొదలే ఉంచితే అయిపోయేది గదా,” అంది. లేచి గది మధ్యలో నిలబడింది. మడమలు బయటికి తిప్పి, మోకాళ్లు వంచింది. ఎనిమిది నెలల సాధన కాళ్లకు మాత్రం బాగానే పనిచేసింది, నాకంటే నిలకడగా ఉంది. కుడి పిడికిలి ఛాతీ పక్కనే ఉంచి, ఎడమ అరచేయి పైకి తిప్పి ముందుకు జరపడం మొదలుపెట్టింది. మోచేయి పొట్ట దగ్గరికి వచ్చేసరికి ఆగింది. పళ్లు బిగించింది. ఇంకో అంగుళం పోయింది, అక్కడ నిలిచిపోయింది.

“ఇంతే వస్తుంది,” అంది, చెయ్యి దించకుండా. “నువ్వేం చూస్తున్నవ్ అన్నా? లే, నీ ఎడమ చెయ్యి కూడా కొత్తదే గదా.”

లేచి ఆమె పక్కన నిలబడ్డాను.