రెండు వేళ్ళు అవతల పడ్డ పూస

గాలి బాబాయ్ ఒకసారి తుమ్మితే, కింద పడబోతున్న వానచుక్క తిరిగి మబ్బులోకి వెళ్ళిపోయింది. సరే, మబ్బు దాకా కాదు, మూడో అంతస్తు దాకా. పోనీ, చూరు దాకా. అంతకన్నా తగ్గించడం కుదరదు.

చేతిలోకి గుండ్రటిది ఏదొచ్చినా వదిలేయడం ఆయన జబ్బు. బఠాణీ, మాత్ర, ద్రాక్షపండు, ఏదైనా సరే ముక్కు ఎత్తున పట్టుకుని వదులుతాడు. ఎక్కడ పడిందో వేళ్ళతో కొలుస్తాడు. జేబులోంచి చిట్టి పుస్తకం తీసి గంటా నిమిషం వేసి రాసుకుంటాడు. జ్వరమొస్తే మింగిన మాత్రలకన్నా వదిలిన మాత్రలే ఎక్కువ.

"మింగండి మహానుభావా!" అనేది పిన్ని.

"ఉండవే, గాలి నిలకడగా లేదు."

ఇంట్లో ఏ తేడా వచ్చినా ఆయన చెప్పే కారణం అదొక్కటే. కూరలో ఉప్పెక్కువైనా గాలి నిలకడగా లేదు. చొక్కా తిరగేసి తొడుక్కున్నా గాలి నిలకడగా లేదు.

ఆయన పనిచేసేది గాలి సొరంగంలో. భయపడకండి, అదొక పరిశోధనశాల. గది పొడవునా చెక్క గొట్టం, దాని చివర మనిషెత్తు పంకా. పంకా తిప్పడం, బెల్టు బిగించడం బాబాయ్ ఉద్యోగం. అన్నగారి అమ్మాయి అక్కడే పరిశోధన చేస్తోంది. గొట్టంలో చిన్న గోళీలూ నీటిచుక్కలూ వదిలి, గాలి వాటిని ఎంత బలంగా ఈడుస్తుందో కెమెరాతో పట్టి లెక్క తేల్చాలి.

ఆ లెక్క ఎలా రావాలో పుస్తకంలో ఒక గీత గీసి ఉంది. మూడు నెలల్లో అరవైసార్లు వదిలితే, నలభైమూడు ఆ గీత మీద బుద్ధిగా కూర్చున్నాయి. పదిహేడు మాత్రం గీతను లెక్కచేయలేదు.

"నీ చెయ్యి వణికుంటుందమ్మా," అన్నాడు ఆమె పరిశోధన చూసే పెద్దసారు. "గాలి వేగం చూపే ముల్లు కదల్లేదుగా! రేపు పదకొండుకు కమిటీ. ఇవెందుకిలా వచ్చాయో చెప్పు. చెప్పలేకపోతే ఈ పని ఇంతటితో ఆపేద్దాం."

మూడేళ్ళ చదువు! అమ్మాయి కాఫీ కప్పు పట్టుకుని, చెయ్యి వణుకుతోందా అని చూసుకుంది. అంతవరకూ వణకని చెయ్యి అప్పుడు వణికింది.

ఈ మూడు నెలలూ బాబాయ్ ఏం చేస్తున్నట్టు? గాలి బయటికొచ్చే చోట పళ్ళెంలో సుద్దపొడి పరుచుకుని, ఆమె గోళీ వదిలినప్పుడల్లా తనూ ఒక తెల్లపూస వదులుతున్నాడు.

"బాబాయ్, ఆటలాపి కాస్త పంకా చూడవా?"

"దాన్నే చూస్తున్నానమ్మా. గాలి నిలకడగా లేదు."

"అబ్బా, మళ్ళీ మొదలు!"

ఇంట్లో పిన్ని గొడవ వేరు. ఆమె గిల్టు ముత్యాల దండ మొదట గుండెల మీద వేలాడేది. నెల తిరిగేసరికి మెడకు పట్టేసింది. మూడో నెలకు చేతికి గాజైంది.

"గాలి నిలకడగా..." అనబోయాడు బాబాయ్.

"గాలి వచ్చి పెట్టె తాళం తీసిందా?"

ఆ సాయంత్రం అమ్మాయి బాబాయ్ ఇంటికి వచ్చి కూలబడింది. "తప్పు నాదేనని రేపు ఒప్పేసుకుంటా బాబాయ్."

బాబాయ్ చిట్టి పుస్తకం ఆమె ముందు మరిచిపోయినట్టు పడేసి, పెరట్లోకి వెళ్ళిపోయాడు. అమ్మాయి తెరిచింది.

"10.42. రెండు వేళ్ళు అవతల. వెనక షట్టరు లేపారు."

"11.15. ఉన్నచోటే. షట్టరు మూసుంది."

ఆమె తన పుస్తకం తీసి, దాని పక్కన పెట్టి సరిపోల్చింది. పదిహేడుకు పదిహేడూ షట్టరు లేచిన నిమిషాలే! సామాను బండి వచ్చినప్పుడల్లా గది వెనక గుమ్మానికున్న ఇనప షట్టరు లేస్తోంది, గొట్టంలో గాలి ఒక్క క్షణం ఉరుకుతోంది. పంకా మోతలో అది ఎవరికీ వినపడలేదు. ఆ మొద్దు ముల్లు సగటు తప్ప చెప్పదు. పుస్తకంలో గీత నిలకడ గాలిది. ఉరికే గాలి గోళీని వేరేలా ఈడుస్తుంది. నీటిచుక్కనైతే బిళ్ళలా నొక్కి మరీ ఈడుస్తుంది. చెయ్యి వణకనే లేదు!

"ముందే చెబితే ఏం పోయింది ఈ మనిషికి?" అంది పిన్ని.

"రోజూ చెబుతూనే ఉన్నాడు పిన్నీ," అంది అమ్మాయి. "మనమే వినలేదు."

మొదటి పేజీలో ఇంకో మాట ఉంది: "బఠాణీలు దండగ, ఒకటి లావు ఒకటి సన్నం. ఆవిడ ముత్యాలు అన్నీ ఒకటే సైజు. తిట్లు పడదాం. పిల్ల పని చెడకూడదు."

మర్నాడు కమిటీ ముందు అమ్మాయి షట్టరు లేపించింది. పూస రెండు వేళ్ళు అవతల పడింది. "ఇంకోసారి!" అన్నాడు పెద్దసారు. పదకొండుకు మొదలైన కమిటీ ఒంటిగంట దాకా లేవలేదు. ఆఖర్న పెద్దసారు తన బీపీ మాత్ర కూడా వదిలేశాడు.

"ఆపడం కాదమ్మా, పేరు మార్చు," అన్నాడు సుద్దచేతులు దులుపుకుంటూ. "నిలకడలేని గాలిలో గోళీలు, చుక్కలు."

అమ్మాయి పంకా కింద దూరి, దొర్లిపోయిన పూసలన్నీ ఏరి, దండ గుచ్చి పిన్ని మెడలో వేసింది. అది మళ్ళీ గుండెల మీదికి దిగింది. భోజనాల దగ్గర తుమ్ముతో మొదలుపెట్టి కథంతా చెప్పింది. అందరూ బాబాయ్ వైపు తిరిగారు.

"అంతా అబద్ధం," అన్నాడు బాబాయ్. "నేను పూసలు ముట్టలేదు. ఆ పుస్తకం నాది కాదు, ఆ రాత నాది కాదు. అసలు పుట్టి బుద్ధెరిగాక నేను తుమ్మనే లేదు."