చెరువులో పోసిన ఎర

ఇన్నేళ్లుగా ఈ మాటను మింగలేక కక్కలేక మోస్తున్నాను. మా ఆవిడకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను.

మాది పెద్దేముల్ దగ్గర ఒక ఊరు. పొలముంది, తాండూరులో దుకాణముంది. నాకున్న పిచ్చి ఒక్కటే, కొర్రమీను. గాలానికి గుచ్చిన చిన్న చేప నీళ్లలో కొట్టుకుంటుంటేనే అది వచ్చి పడుతుంది, చచ్చినదాని వైపు చూడదు. కాబట్టి నా ధ్యాసంతా ఎరను బతికించడం మీదే ఉండేది. దోమతెరతో కాలువలో పరకలనే చిన్న చేపలను పట్టేవాణ్ణి. తడి చేత్తోనే తీసేవాణ్ణి. వెన్నుకు తగలకుండా, వీపు మీది రెక్క పక్కన తోలుకు మాత్రమే గాలం గుచ్చేవాణ్ణి. అయినా మా ఎండలకు బకెట్లో సగం పరకలు చెరువు చేరకముందే తేలిపోయేవి.

తాండూరు అవతల నీళ్లు నిండిన పాత నాపరాయి గని ఒకటుంది. అందులో ఎవరో వదిలిన క్యాట్‌ఫిష్ పిల్లలు దొరుకుతాయని తెలిసింది. అవి మొండి ఘటాలు. నీళ్లు మార్చకపోయినా చావవు. గాలం మీద పొద్దుగూకేదాకా బతుకుతాయి. ఇంకేం కావాలి నాకు? వాటిని చెరువుల్లో వదలొద్దని సర్కారు చెప్పిన సంగతి నాకు తెలుసు. తెలిసే తెచ్చాను. గాలానికే కదా అనుకున్నాను.

ఒక శుక్రవారం సాయంత్రం బకెట్లో కొన్ని మిగిలాయి. తెల్లారితే శనివారం. ఆ రోజు మా ఇంట్లో నీసు వాసన కూడా ఉండకూడదు, అమ్మ ఊరుకోదు. గట్టు మీద పారేసి చంపడానికి మనసొప్పలేదు. చెరువులో కుమ్మరించాను. పుణ్యం చేసినట్టే అనిపించింది. నిజంగా జాలేనా అది? బద్ధకం కాదా? ఇప్పటికీ తేల్చుకోలేను.

ఆ చెరువు మీద బతికేది ఊరి చేపలవాళ్ల సంఘం. అందులో వదిలే చేపపిల్లలను, వాళ్ల మాటలో విత్తనాన్ని, తెచ్చేది అంజయ్య. మంచి బొచ్చె, రవ్వ పిల్లలను ఏరడంలో అతని మాటే మాట. రెండు వానాకాలాలు గడిచాక వల లాగితే బొచ్చెల్లేవు, రవ్వల్లేవు. అన్నీ మీసాల క్యాట్‌ఫిష్‌లే. మిగతా చేపల పిల్లలన్నిటినీ అవే మింగేశాయి. అంజయ్య తెచ్చిన విత్తనంలోనే ఇవి కలిసి వచ్చాయన్నారు. సంఘం అతన్ని పక్కన పెట్టింది.

అప్పుడతను నా దగ్గరికి వచ్చాడు. దుకాణం మెట్ల మీద కూర్చున్నాడు.

“పటేలా, నువ్వు దినాం గట్టు మీదనే ఉంటవు గద. నేను పిల్లలను ఇడిసిననాడు గూడ ఉన్నవు. ఆ పిల్లలల్ల గీ మీసాల చేప ఒక్కటన్న కనవడ్డదా? నువ్వొక్క మాట చెప్తె అందరు నమ్ముతరు.”

“ఏమోనే అంజన్నా,” అన్నాను. “గంత చిన్న పిల్లలు. నాకేం ఎరుక?”

అతను తలూపి లేచాడు. నా మీద కోపం కూడా తెచ్చుకోలేదు.

చెప్పి ఉంటే ఏమయ్యేది? పెద్దింటివాణ్ణి, నన్నెవరూ కొట్టేవారు కాదు, ఊరి నుంచి వెళ్లగొట్టేవారు కాదు. మహా అయితే నాలుగు రోజులు తిట్టుకునేవారు. ఆ నాలుగు రోజుల సిగ్గుకు భయపడి ఒక మనిషి పేరు మట్టిలో కలిపాను. దీన్ని పిరికితనం అనాలా? నీచత్వం అనాలి.

అంజయ్య ఊరు విడిచి పరిగిలో చేపలు కోసే పనికి కుదిరాడు. మొన్న అక్కడ కలిశాడు. ఆపి మరీ చాయ్ తాగించాడు. పాత సంగతి తనే ఎత్తాడు. ఆలోచించగా ఆలోచించగా తప్పు తనదేనని తెలిసిందట. విత్తనం ఏరిన రోజు తన కళ్లే మోసం చేసి ఉంటాయట. సరిగా చూసుకోక ఊరి చెరువును పాడుచేశానని భార్యాబిడ్డలకు కూడా చెప్పుకున్నాడట. నేను గ్లాసు పట్టుకుని విన్నాను. అప్పుడు కూడా నోరు తెరవలేదు.

ఊరు అతన్ని అనుమానించడమే నా పాపమని ఇన్నాళ్లూ అనుకున్నాను. అతన్ని తనను తానే నమ్మలేని స్థితికి తెచ్చానని మొన్నటిదాకా నాకు తెలియలేదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. క్షమించాల్సింది మీరు కాదు. అతని ముందు ఈ మాట అనగలనో లేదో కూడా చెప్పలేను. కానీ ఒక్కసారైనా నా చేత్తో రాసి చూడాలనిపించింది. అంజయ్య తెచ్చిన విత్తనం మంచిది. ఆ చేపలను చెరువులో పోసింది నేను. రాశాను. కొంచెం ఊపిరి ఆడుతోంది.