మొదటి బహుమతి ఎవరికీ ఇవ్వని సంవత్సరం

గత ఆదివారం పొద్దున భవానీపూర్ నుంచి ఫోన్ వచ్చింది. ఒకప్పుడు మేము అద్దెకున్న ఇంట్లో కింది వాటాలో ఉండే బెంగాలీ ఆవిడ చేసింది. "దిదిమొని నేయ్" అంది. టీచరమ్మ లేరు అని. ఎటైనా వెళ్ళారేమో, మా ఇంటికి వచ్చారేమోనని అడుగుతోంది కాబోలనుకుని, "ఎక్కడికి వెళ్ళారు?" అన్నాను. ఆవిడ మళ్ళీ అదే మాట అంది. అప్పుడు అర్థమైంది.

న్యూ టౌన్‌లో మా ఇంటి నుంచి నేను వెళ్ళేసరికి వీధి క్లబ్బు కుర్రాళ్ళు అన్నీ సిద్ధం చేసి ఉంచారు. టీచరమ్మ తమ్ముడి కొడుకు విజయనగరం నుంచి బయల్దేరాడు గాని, రైలు మర్నాడు గాని చేరదు. తన కోసం ఆగవద్దని అతనే చెప్పాడట. గదిలో అందరూ బెంగాలీలోనే మెల్లగా మాట్లాడుకుంటున్నారు. ఆవిడతో చివరిగా ఒక్క మాట తెలుగులో అనాలనిపించింది.

ఎనభైల్లో, పెళ్ళయిన కొత్తలో గుంటూరు నుంచి ఆ ఇంటికి వచ్చాను. మావారిది బ్యాంకు ఉద్యోగం. పొద్దున వెళితే చీకటి పడ్డాకే రావడం. నాకు బెంగాలీ ఒక్క ముక్క రాదు. ఒకరోజు బాల్కనీలోంచి కూరల బండివాడిని "తోటకూర కట్ట ఎంతయ్యా?" అని గట్టిగా అడుగుతుంటే, పై వాటా నుంచి ఎవరో నవ్వారు.

"వాడికి తెలుగేటి తెలుస్తాదమ్మా? ఉండు, నేనడుగుతాను."

తలెత్తి చూశాను. తెల్లచీర, కళ్ళజోడు, చేతిలో టీ కప్పు. ఆ ఊళ్ళో నా భాషలో నాతో మాట్లాడిన మొదటి బయటి మనిషి ఆవిడే. ఆ పూట తోటకూర ఎంతకి కొన్నానో గుర్తులేదు గాని, ఆ మధ్యాహ్నం ఆవిడ గదిలో కూర్చుని మాట్లాడి మాట్లాడి నా గొంతు బొంగురుపోయింది.

ఆవిడ తండ్రి విజయనగరం దగ్గర్నుంచి వచ్చి ఇక్కడ రైల్వేలో కుదురుకున్నాడు. ఆవిడ ఇక్కడే పుట్టి, ఇక్కడే చదువుకుని, ఒక ఆడపిల్లల బడిలో సంగీతమూ బ్యాండూ నేర్పి రిటైరయ్యారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు. సాయంత్రం కరెంటు పోయినప్పుడల్లా ఇద్దరం మెట్ల మీద కూర్చునేవాళ్ళం. ఎక్కడో దూరంగా ఏ బడి పిల్లలో డ్రమ్ములు సాధన చేస్తుంటే ఆవిడ మాట మధ్యలో ఆపేసేవారు. "ముందు వినాల. తరవాతే వాయించాల. పిల్లలకి నేను చెప్పినదంతా ఇంతే" అనేవారు.

ఆవిడా, మరికొందరు సంగీతం టీచర్లూ కలిసి ఒక చిన్న సంఘం పెట్టుకున్నారు. ప్రతి శీతకాలం ఒక ఆదివారం, బడి బ్యాండులకీ కాలేజీ బ్యాండులకీ పోటీ పెట్టేవారు. గెలిచినవాళ్ళకి కప్పు. ఓడినవాళ్ళని ఆవిడ పక్కన కూర్చోబెట్టుకుని, ఎక్కడ బాగుందో ఎక్కడ తప్పిందో విడమరిచి చెప్పేవారు. చాలామంది పిల్లలు కప్పుకన్నా దానికోసమే వచ్చేవారనిపించేది నాకు. "బాగున్నదాన్ని బాగుందని చెప్పే మనిషి ఒకరుండాల గదమ్మా" అనేవారావిడ. నన్ను కూడా లాక్కెళ్ళేవారు. నిమ్మకాయ నీళ్ళు కలపడం, సింగారా అనే అక్కడి సమోసా, సందేశ్ మిఠాయీ పెట్టిన పొట్లాలు పంచడం నా పని. అలా పంచుతూనే బెంగాలీ నేర్చుకున్నాను.

ఏటేటా బ్యాండులు తగ్గిపోయాయి. పరీక్షలు దగ్గరపడుతున్నాయని తల్లిదండ్రులు పిల్లల్ని పంపడం మానేశారు. పెద్ద బడులకి స్టేజీలూ లైట్లూ ఉన్న పెద్ద పోటీలు దొరికాయి. చివరికి ఒక ఏడు మూడే బ్యాండులు వస్తామన్నాయి.

ఆ ఆదివారమే ఊరి మధ్య పెద్ద మైదానంలో ఏదో సభ పెట్టారు. బస్సులన్నీ జనాన్ని ఎక్కించుకుని అటు వెళ్ళిపోయాయి. రెండు బ్యాండులు రాలేమని కబురు పెట్టాయి. మా పోటీ జరిగే చోట నిండా అద్దె కుర్చీలు వేసి ఉన్నాయి. వాటిలో ఆవిడా, ఇంకో జడ్జీ, నేనూ. ఆ జడ్జీ ఒక బెంగాలీ పెద్దాయన, ఒకప్పుడు క్లారినెట్ వాయించేవాడు. ఇక ఇంటికి పోదామని ఆయన లేస్తుండగా గేటు దగ్గర అలికిడయింది.

వాట్‌గంజ్ నుంచి, రేవులో పనిచేసేవాళ్ళ పిల్లలు చదివే బడి బ్యాండు. బస్సు దొరక్క, డ్రమ్ములు మెడకి తగిలించుకుని అంత దూరమూ నడిచి వచ్చారు. వాళ్ళ డ్రిల్లు మాస్టారు చెమటలు తుడుచుకుంటూ టీచరమ్మ దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి హిందీలో చెప్పాడు. బ్యాండు సామాను పెట్టుకునే గదిని క్లాసు కోసం తీసేసుకుంటామని బడి కమిటీ అంటోందట. మొదటి బహుమతి తీసుకెళితే ఇంక ఆ మాట అనలేరు అన్నాడు. ఆవిడ విని, "ముందు వాయించనివ్వండి" అన్నారు.

పిల్లలు వాయించారు. అందరికన్నా ముందు ఒక అమ్మాయి, పద్నాలుగేళ్ళుంటాయేమో, పొడుగాటి కర్ర తిప్పుతూ బ్యాండుని నడిపించింది. నాకు సంగీతం తెలియదు. నాకు బ్రహ్మాండంగా ఉంది. కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయని కూడా మర్చిపోయి చప్పట్లు కొట్టాను. టీచరమ్మ మాత్రం కళ్ళు మూసుకుని విన్నారు.

తర్వాత జడ్జీలిద్దరూ పక్కకి వెళ్ళారు. నేను పొట్లాలు సర్దుతూ అక్కడే ఉన్నాను.

"ఫస్టు ఇచ్చేయండి, పోదాం" అన్నాడాయన బెంగాలీలో. "చూసేవాళ్ళు ఎవరున్నారు?"

"వాళ్ళున్నారు కదా దాదా. మలుపు తిరిగేటప్పుడు డ్రమ్ములు తొందరపడ్డాయి. ఫ్లూట్లు వెనకబడిపోయాయి. మీరు వినలేదా?"

"విన్నాను. కాని పాపం నడిచి వచ్చారు."

"నడిచినందుకు ఇంకో సందేశ్ పెడదాం. ఫస్టు ప్రైజు నడకకి కాదు."

రెండో బహుమతి అని ప్రకటించారు. డ్రిల్లు మాస్టారు మొహం తిప్పుకున్నాడు. ఆ అమ్మాయి వచ్చి రెండో బహుమతి కప్పు అందుకుంది. అందుకుని వెళ్ళలేదు. విజయనగరం వైపు నుంచి రేవు పనికి వచ్చినవాళ్ళ పిల్ల కాబోలు, టీచరమ్మ నాతో తెలుగులో మాట్లాడడం అంతకుముందు విన్నట్టుంది, తెలుగులోనే అడిగింది.

"మరి ఫస్టు ఎవులికిచ్చినారండి?"

"ఎవులికీ ఇవ్వలేదమ్మా."

"వచ్చింది మేమొక్కలమే గదండి."

"అవును. మలుపు దగ్గర ఏటయింది?"

ఆ పిల్ల తల దించుకుంది. "డ్రమ్ములోళ్ళు ఉరికేసినారు" అంది.

"అది సరిచేసుకుని పై ఏడు రా. ఫస్టు నీకోసం ఉంచుతాను."

వాళ్ళు మళ్ళీ నడుచుకుంటూ వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు వాయించలేదు. కుర్చీలవాళ్ళు వచ్చి ఒక్కొక్కటీ మడిచి రిక్షా బండి మీద వేస్తున్నారు. ఆవిడ కూర్చున్న కుర్చీ ఒక్కటే మిగిలింది. నేను ఉండబట్టలేక అడిగాను.

"ఇచ్చేస్తే ఏం పోయేదండీ? వాళ్ళ గదైనా దక్కేది."

"నాకు మాత్రం సరదానా? ఇచ్చేసినాననుకో, ఆ పిల్ల లోపల్లోపల నవ్వుకుంటాది. ముసల్దానికి చెవులు లేవనుకుంటాది. ఇంక జన్మలో ఎవులు మెచ్చుకున్నా నమ్మదు." కుర్చీలోంచి లేస్తూ, "గది పోతాదేమో. నాకూ తెలుసు" అన్నారు.

గది పోయింది. డ్రమ్ములు వరండాలోకి వచ్చాయి. ఈ సంగతి సంఘంలో తెలిసి, పిల్లల మీద ఆ పట్టుదలేమిటని అందరూ ఆవిడనే తప్పుపట్టారు. పోటీలు ఇక అనవసరం అన్నారు. సంఘం ఎవరూ మూయకుండానే మూతపడింది. ఆదివారాలు ఆవిడ గదికి టీకి వచ్చేవాళ్ళు రావడం మానేశారు. ఆవిడ ఎవరినీ ఏమీ అనలేదు. టీ కప్పులు మాత్రం ఎప్పటిలా కడిగి బోర్లించి ఉంచేవారు.

శనివారాలు బస్సెక్కి వాట్‌గంజ్ వెళ్ళడం మొదలుపెట్టారు. మొదట్లో డ్రిల్లు మాస్టారు పలకరించలేదట. ఆవిడ వరండా చివర బల్ల మీద కూర్చుని, సాధన అయిపోయేదాకా విని, తిరిగి వచ్చేసేవారు. ఒక శనివారం ఆ అమ్మాయే వచ్చి, "ఊరికే కూసుంటే ఏటండి, మలుపు ఎలా తిరగాలో సెప్పండి" అందట. ఆ మాట నాతో చెప్పేటప్పుడు ఆవిడ మొహం చూడాలి. ఆ రాత్రి మా ఇంట్లోనే భోంచేశారు, రెండోసారి అన్నం పెట్టించుకుని మరీ.

మరుసటి శీతకాలం పోటీ లేదు. పెట్టేవాళ్ళు లేరు. ఆవిడ ఆ క్లారినెట్ పెద్దాయనని బతిమాలి వెంటబెట్టుకుని వాట్‌గంజ్ వెళ్ళారు. నన్నూ తీసుకెళ్ళారు. బడి ఆవరణలో, సెలవురోజు, వినడానికి మేం ముగ్గురమూ, గోడ మీద కూర్చున్న కాకులూ. పిల్లలు వాయించారు. మలుపు తిరిగారు. నేను డ్రమ్ముల వైపే చూస్తున్నాను. అయిపోయాక ఆ అమ్మాయి కర్ర చంకలో పెట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఇప్పుడేటండి?"

టీచరమ్మ పెద్దాయన వైపు చూశారు. ఆయన తలూపాడు.

"ఇప్పుడైతే ఫస్టే" అన్నారు. "కప్పు లేదు మరి. సంఘమే లేదు."

ఆ అమ్మాయి సరేనంది. వెనక్కి తిరిగి మిగతావాళ్ళకి చెప్పింది. వాళ్ళలో ఎవరో ఒక్క దెబ్బ డ్రమ్ము మీద కొట్టారు. అంతే, ఇంకే సంబరమూ లేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆవిడ కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు గడిచాయి. క్లారినెట్ పెద్దాయన పోయాడు. మేము న్యూ టౌన్‌లో ఫ్లాటు కొనుక్కుని వెళ్ళిపోయాం. వారానికోసారి ఫోన్ చేసేదాన్ని. "ఏటి, ఈ ముసల్ది గుర్తున్నాదా?" అని మొదలుపెట్టేవారు. ఏం చేస్తున్నారంటే, "ఏటుంది, వింటున్నాను" అనేవారు. ఏమి వింటున్నారని అడిగితే, "ఎవులూ వాయించటం లేదమ్మా. అయినా అలవాటు" అన్నారు ఒకసారి.

గత ఆదివారం శ్మశానంలో, దహనానికి వరసలో మా వంతు కోసం ఎదురుచూస్తుండగా నలభై దాటిన ఒకామె వచ్చి పక్కన నిలబడింది. నా వైపు తేరిపార చూసి, "నిమ్మకాయ నీళ్ళు ఇచ్చింది మీరే గదండి" అంది. ఆ కర్ర తిప్పిన అమ్మాయి. వాట్‌గంజ్‌లోనే ఉంటోందట, మునిసిపాలిటీలో పని. అప్పుడప్పుడూ వచ్చి టీచరమ్మని చూసి వెళ్ళేదట. నాకెప్పుడూ ఆవిడ చెప్పలేదు.

"సెకెండిచ్చినందుకు ఇప్పటికీ కోపమేనండి నాకు" అంది. "అంత దూరం నడిసినాం. సిన్న పిల్లలం."

వరస కాస్త ముందుకి జరిగింది. జరుగుతూ ఆమె మళ్ళీ అందుకుంది.

"ఆ తరవాత ఫస్టిచ్చింది సూడండి, అది మాత్రం ఎవులికీ సెప్పుకోలేదు. మా పిల్లలకి కూడా. కప్పు లేదు గదా, సెప్తే ఎవులు నమ్ముతారు? ఆవిడికి తెలుసు, నాకు తెలుసు. ఇప్పుడు నాకొక్కదానికే."

నాకూ తెలుసు అనబోయి ఆగిపోయాను. నేను అక్కడ ఉన్నాను, చూశాను, అంతే. ఆ మలుపులో ఏం సరిపడిందో నా చెవులకి ఆనాడూ తెలియలేదు, ఈనాడూ తెలియదు.

అంతా అయ్యాక ఆమె బస్సెక్కింది. నేను మెట్రో వైపు నడిచాను. పొద్దు వాలుతోంది. పెళ్ళిళ్ళ రోజులు. సందులోంచి ఒక పెళ్ళి బ్యాండు ఎదురొచ్చింది. ఎర్రకోట్ల మీద జరీ వెలిసిపోయింది. ఏదో హిందీ సినిమా పాట, సగం మందే వాయిస్తున్నారు. వెనక వరుడి కారు, దాని వెనక చిందులేస్తున్న కుర్రాళ్ళు. అందరూ వెళ్ళిపోయాక, పెద్ద ఇత్తడి బాకా భుజాన వేసుకున్న ఒక ముసలాయన చివరగా వచ్చాడు. కారు హారన్లకి పక్కకి తప్పుకుని వెనకబడిపోయినట్టున్నాడు. వాయించడం లేదు. ఆయన వైపు ఎవరూ చూడటం లేదు. కాసేపు మామూలుగా నడిచి, ముందున్న డ్రమ్ము వినిపించగానే చిన్నగా ఒక గెంతు వేసి, అడుగు మార్చుకుని, దెబ్బకి అడుగు కలుపుతూ ఆ సందు మలుపు తిరిగిపోయాడు.