బావిలోని గాలి

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో నాకు పెళ్ళయింది. మా నాన్న ప్రొద్దుటూరులో సైన్సు చెప్పే బడిపంతులు. నన్ను ఎనిమిదో తరగతి దాకా చదివించి, పులివెందుల దగ్గర ఒక పల్లెలో సేద్యం చేసుకునే ఇంటికిచ్చాడు. మా అత్తగారింట్లో చదువుకున్న ఆడమనిషిని నేనొక్కదాన్నే. మామ ఎదుట నిలబడి మాట్లాడే అలవాటు మాత్రం ఆ ఇంట్లో ఏ కోడలికీ లేదు.

రెండో ఏడు వానల్లేవు. చేనిబావి ఎండితే, ఎండాకాలంలో కొంత తవ్వించి, నీళ్ళు పడక, ముళ్ళకంప కప్పి వదిలేశారు. అయిదారు నెలల తర్వాత మామ మళ్ళీ తవ్విద్దామన్నాడు.

ఆ వారమంతా మబ్బు పట్టి ఉంది. నెల్లూరు వైపు సముద్రంలో వాయుగుండం లేచిందని ప్రొద్దుటూరు నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు. గాలి పూర్తిగా నిలిచిపోయింది. వేపాకు కూడా కదల్లేదు. ఒళ్ళంతా జిడ్డుగా చెమట. వాన వస్తుందని అందరూ సంతోషపడ్డారు.

నాకు మాత్రం నాన్న చెప్పిన పాఠం గుర్తొచ్చింది. బొగ్గుపులుసు గాలి మామూలు గాలికంటే బరువు. పైన గాలి ఆడకపోతే పల్లంలోనే నిలుస్తుంది. అందులో దీపం వెలగదు, మనిషి బతకడు. సాయంత్రం చెనక్కాయలు వొలుస్తూ మా అత్తతో అన్నాను.

"అత్తా, బావిలో ముందు లాంతరు దించి చూడమని మామకు చెప్తావా?"

"మగోళ్ళకు తెలీదా ఆ సంగతి? నువ్వు కాయలు వొలుచు."

నేను వొలిచాను.

మర్నాడు పొద్దున్నే సంగటి గంప ఎత్తుకుని చేనికి పోయాను. పక్కపల్లె నుంచి బావులు తవ్వే ఆయనా, మట్టితట్టలు లాగడానికి ఆయన భార్యా వచ్చారు. కంప అప్పటికే తీసేశారు. ఆయన తలగుడ్డ విప్పి నడుముకు బిగించుకుంటున్నాడు. చెప్పాలని ఒక అడుగు ముందుకు వేశాను. మామ నావైపు చూశాడు. కొంగు తలమీదికి లాక్కుని, గంప దించి, దూరంగా కూర్చున్నాను.

ఆయన తాడు పట్టుకుని, రాళ్ళ సందుల్లో కాళ్ళు పెట్టుకుంటూ దిగాడు. కాసేపటికి ఆయన భార్య లోపలికి తొంగిచూసి పిలిచింది.

"ఏమయ్యా, అట్ల కూచ్చుంటివే?"

జవాబు లేదు. ఇంకోసారి పిలిచింది. అందరూ గట్టుమీదికి చేరారు. కింద ఆయన గోడకు ఆనుకుని, తల వాల్చి ఉన్నాడు.

"కండ్లు తిరిగింటాయి, నేను పోయి ఎత్తుకొస్తా," అని మా మరిది తాడు పట్టుకున్నాడు.

అప్పుడు లేచింది నా గొంతు. "దిగొద్దు! లోపల చెడ్డ గాలుంది. లాంతరు దించండి!"

మామ నిర్ఘాంతపోయి చూశాడు. కోప్పడలేదు. పాకలో ఉన్న లాంతరు వెలిగించి దించారు. రెండు నిలువుల లోతు పోకముందే ఆరిపోయింది. మరిది తాడు వదిలేశాడు.

వేపమండలు కట్టి దించి పైకీ కిందికీ ఆడించారు. కుండలతో నీళ్ళు చల్లారు. లాంతరు అడుగు దాకా వెలుగుతూ పోయేసరికి మధ్యాహ్నమైంది. పైకి తెచ్చేసరికి ఆయన ఒళ్ళు చల్లబడిపోయింది.

మూడో రోజు వాన కురిసింది. బావిలో నడుములోతు నీళ్ళు చేరాయి.

మామ కనపడిన ప్రతివాళ్ళకూ చెప్పుకున్నాడు, "మా కోడలు శానా సదువుకున్న పిల్ల. మా సిన్నోని పానం కాపాడింది," అని. బావిలో పోయినాయన దినానికి వాళ్ళింటికి పోయినప్పుడూ అదే మాట అన్నాడు. ఆ ఇంటావిడ తలెత్తి నావైపు చూసింది. నాకు అక్కడ కూర్చోబుద్ధి కాలేదు.

మా నాన్న చూడడానికి వచ్చినప్పుడు అన్నీ చెప్పాను. చివరిదాకా విన్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "వాయుగుండం వచ్చినప్పుడు పైగాలి ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు నేల లోపల ఉన్న గాలి బావుల్లోకి వస్తుంది. అది నీకు నేను చెప్పలేదమ్మా." తప్పు తనమీద వేసుకోవాలని చూస్తున్నాడని తెలిసింది. లాంతరు దించడానికి ఆ ముక్క తెలియనక్కర్లేదు.

కొన్నేళ్ళకు జమ్మలమడుగు బస్టాండులో ఆ బావి తవ్వినాయన భార్య కనపడింది. మొగుడు పోయాక అన్నల దగ్గరికి వచ్చేసిందట. నేనే దగ్గరికి పోయి పలకరించాను. బాగోగులు అడిగింది. పిల్లలెందరని అడిగింది. ఆ తర్వాత ఏ కోపమూ లేకుండా అంది.

"ఆ గాలి సంగతి నీకు ముందే తెలుసా అమ్మా?"

"తెలుసక్కా. ముందురోజే మా అత్తతో అన్నా."

"మా ఆయన దిగేటప్పుడు ఆడనే ఉంటివి గదా."

"ఉంటిని. మామ ముందర మాట రాలేదు."

ఆమె తలాడించింది. "మీ మరిది దిగబోతే వచ్చె," అని, చేతిసంచి సర్దుకుంది. అంతలో ప్రొద్దుటూరు బస్సు వచ్చింది. నేను ఎక్కాల్సింది అదే.