వారానికొక బండ దూరం

మంగళవారం పొద్దున పక్కింటామె వచ్చి టీచరమ్మ పోయిందని చెప్పింది. మీలో చాలామంది ఆమెను ఎరిగి ఉండరు. సత్యనారాయణపేటలో తన ఇంటి ముందున్న రేకుల షెడ్డులో, బుద్ధి ఎదుగుదల నెమ్మదిగా ఉన్నవారికి పని నేర్పేది. వాళ్లను పిల్లలంటే ఒప్పుకునేది కాదు. "ఇరవై దాటినోళ్లు పిల్లలేందక్కా? పని నేర్చుకుంటాండే మనుషులు" అనేది. నా మనవరాలు అక్కడ మూడేళ్లు నేర్చుకుంది.

సండూరు గనుల నుంచి ఖనిజం లారీలు తెరిపి లేకుండా నడుస్తున్న రోజులివి. ప్రతి లారీకీ టార్పాలిన్ పట్ట కావాలి, ప్రతి పట్ట అంచుకూ తాళ్లు కట్టాలి. టీచరమ్మ ఆ ముడి నేర్పేది. మొదటి వారం నేర్చుకునే మనిషి పక్కనే స్టూలు వేసుకుని కూర్చునేది. తర్వాత షెడ్డు నేలకు పరిచిన బండల్లో వారానికి ఒక బండ చొప్పున స్టూలును వెనక్కి జరుపుకుంటూ, చివరికి గడప దాటిపోయేది. "నేను పక్కన కూచునేది లేసిపోయేదానికే" అనేది.

ఇంట్లో సాధన చెయ్యమని పట్ట ముక్క పంపేది. నేను ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పినదాన్ని. వంకర చూసి ఊరుకోలేను. మనవరాలు కట్టిన ముడులన్నీ తన కళ్ల ముందే విప్పి, సమానంగా మళ్లీ కట్టి పంపేదాన్ని. ఒకసారి టీచరమ్మ ఆ ముక్కను వేళ్లతో తడిమి, "ముడులు బాగుండాయక్కా. నీ మనమరాలు కట్టినేవి యాడ?" అంది. అయినా నేను మానుకోలేదు.

పోయినేడు ఒక లారీ షెడ్డు యజమాని మనవరాలిని పనిలో పెట్టుకోవడానికి ముందుకొచ్చాడు. సర్కారు నియమం ప్రకారం ఒక్క పూట పరీక్ష, అందులో నెగ్గితేనే పని. ఒక్క పూట చాలదని, పనిచోటే నెల రోజులు పక్కన ఒక మనిషిని పెట్టి, ఆ మనిషి మెల్లగా తప్పుకోవాలని టీచరమ్మ ఎన్ని అర్జీలు పెట్టిందో. వాటిని ఇక్కడి సర్కారు భాష కన్నడలో తీరుగా రాసిచ్చింది నేనే. నియమం మారలేదు.

పరీక్షనాడు మనవరాలు ఒక ముడి కట్టి, చెయ్యి ఆపి నా వైపు చూసింది. నేను వచ్చి విప్పుతానని కాచుకుంది. ఎంత చెప్పినా రెండో తాడు ముట్టలేదు.

"ఈ పాపకు పని కంటే అవ్వ మొగం చూసేదే ఎక్కువుండాది" అని యజమాని నవ్వాడు.

మాతో పరీక్షకు వచ్చిన టీచరమ్మ, మా ఇంటి దగ్గర ఆటో దిగాక మెల్లగా అంది: "నేను ఎనక్కి జరిగేకొద్దీ నువ్వు ముందుకొచ్చి కూచుంటివి కదక్కా." ఆ మాటలో కోపం లేదు. ఉండి ఉంటే నాకు తేలికగా ఉండేది. తప్పు ఒప్పుకోవాలనుకుంటూనే ఏడాది గడిపేశాను.

బుధవారం టీచరమ్మ ఇంటి ముందు, చూడ్డానికి వచ్చేవాళ్ల నీడకు పట్ట కడుతున్నారు. నేను షెడ్డులో, ఆమె స్టూలు పక్కన కుర్చీలో కూర్చున్నాను. ఎవరూ పిలవకుండానే మనవరాలు వెళ్లి ఒక మూల తాడు అందుకుని గుంజకు ముడి వేసింది. వంకరగా ఉంది. చెయ్యి ఆపి నా వైపు చూసింది.

నేను కుర్చీని ఒక బండ వెనక్కి జరుపుకున్నాను. మనవరాలు ఇంకాసేపు చూసి, రెండో తాడు అందుకుంది.