ఎర్ర పెన్ను

మా ఇంగ్లీషు మాస్టారు రిటైరయ్యాక రోజూ సాయంత్రం రాజాంలోని నా సెల్ షాపుకి వచ్చేవారు. స్టూలు మీద కూర్చుని, ఫుట్‌బాల్ వీడియోల కింద ఇంగ్లండువాళ్ళు రాసే కామెంట్లు చదివేవారు. తప్పు కనబడితే ఆ వాక్యాన్ని నోటుపుస్తకంలోకి ఎక్కించి, ఎర్ర పెన్నుతో దిద్దేవారు. దిద్దినంతసేపూ పెదవులు కదిలేవి.

బడిలో ఆయన పద్ధతి ఒకటే. తప్పు రాస్తే అదే వాక్యం వంద సార్లు రాయాలి, అదీ గుమ్మం బయట నిలబడి. ఎనిమిదో తరగతిలో నా పక్కన కూర్చునేవాడు వరసగా మూడు రోజులు నిలబడ్డాడు. నాలుగో రోజు నుంచి బడికి రాలేదు.

ఒకనాడు నోటుపుస్తకం ఆఖరి పేజీకి వచ్చింది. మాస్టారు దిద్దడం ఆపారు.

"సొంత బాషలోనే ఇన్ని తప్పులు రాస్తన్నారు. ఈళ్ళని ఎవులూ గుమ్మం బయట నిలబెట్టనేదేటిరా?"

"నేదనుకుంటాను మాస్టారూ."

"మరి బాగానే బతుకుతన్నారు."

నేను విప్పిన ఫోనుకి స్క్రూలు బిగిస్తున్నాను. కాసేపటికి ఆయనే అడిగారు.

"నీ పక్కన కూకునేవోడు ఇప్పుడేటి సేస్తన్నాడు?"

"నౌపడ ఉప్పుమడుల్లో పని సేస్తన్నాడండి."

ఆయన పెన్నుకి మూత పెట్టి, నా బల్ల మీద ఉంచి వెళ్ళిపోయారు. మర్నాటి నుంచి షాపుకి రాలేదు. నేనూ వెళ్ళి అడగలేదు.

రిపేరుకొచ్చిన ఫోన్లకి అంటించే చీటీల మీద పేర్లు ఆ పెన్నుతోనే రాస్తున్నాను. ఇంకా బాగానే రాస్తోంది.