మామ ఆఖరిగా బిగించిన గడ్డం

మా మామ పోయాడని ఆయన కూతురు, నాకు వదిన, ఫోన్ చేసినప్పుడు నేను కోవిల్పట్టిలో ఒక అమ్మాయికి రివర్స్ గేరు నేర్పిస్తున్నాను. "నాయన పోయినాడే" అంది వదిన. "ఎక్కడికి?" అన్నాను. వదిన ఏడవలేదు, కోప్పడలేదు. "నువ్వు బయలుదేరి రా" అని పెట్టేసింది. స్టీరింగు పట్టుకున్న అమ్మాయి "అక్కా, ఇప్పుడు ముందుకా, వెనక్కా?" అని తమిళంలో అడుగుతూనే ఉంది. నాకూ తెలియలేదు. ఆ తెలియకపోవడం ఇంకా పూర్తిగా వదల్లేదు. అందుకే ఇది కూడా కొంత తికమకగానే రాస్తున్నాను, ఓర్చుకోండి.

ఆయన మా అమ్మకు తమ్ముడు. విరుదునగర్ బయట, మదురై రోడ్డు మీద మిరపకాయల గోడౌను పక్కన ఆయన టింకరింగ్ షెడ్డు. సొట్టలు తీయడం, రేకు అతకడం, పెయింటు కొట్టడం పని. ఆ షెడ్డుకు వెళ్లినవాళ్లెవరైనా ముందు తుమ్మి, తర్వాత నమస్కారం చెప్పేవాళ్లు. వచ్చినవాళ్లతో మామ తమిళం మాట్లాడేవాడు. బండితో మాత్రం తెలుగే. "రాయే తల్లీ, ఎవుడు కొట్టినాడు నిన్ను?" అని సొట్ట మీద చెయ్యి పెట్టి అడుగుతుంటే బండి యజమానులు బిక్కమొహం వేసుకుని చూసేవాళ్లు.

వయసులో ఉన్నప్పుడు కోవిల్పట్టిలో అగ్గిపెట్టెల కంపెనీలో చేశాడు. అక్కడి నుంచి తెచ్చుకున్న అలవాటేమో, జేబులో ఎప్పుడూ మందు అంటించని అగ్గిపుల్లలు ఉండేవి. తలుపుకీ బాడీకీ మధ్య సందు పైనుంచి కింది దాకా ఒక పుల్ల మందమే ఉండాలి, అంతే. అచ్చు కోసుకోవడానికి శివకాశి క్యాలెండర్ల అట్టలు. వాటిలోనూ దేవుడి బొమ్మ ఉన్నవి పక్కన పెట్టి, జలపాతాలూ పూలతోటలూ ఉన్నవే కోసేవాడు. "దేవుని మీద కత్తెర పెట్టేదానికి నాకేం కోపం?" అనేవాడు.

ఒక పద్ధతి మాత్రం ఎండైనా వానైనా తప్పలేదు. ఏదైనా బిగించాక, చేతులు తుడుచుకుని, లారీలు ఆగే దాకా చూసి, రోడ్డు దాటి అవతల టీ కొట్టు ముందు నిలబడేవాడు. అక్కడి నుంచి బండి వైపు చూసి చెయ్యెత్తితే పని అయినట్టు. ఎత్తకపోతే మళ్లీ మొదటికి. "దగ్గిర నుంచి చూస్తే అన్నీ నేరుగానే ఉంటాయి పాపా. దూరం పోతేనే బండి నిజం చెప్తాది" అనేవాడు. వదిన ఆయన దగ్గరే పని నేర్చుకుంది. ఆమె చేత కూడా ఎన్నోసార్లు రోడ్డు దాటించాడు.

ఇక నా కారు సంగతి. రెండు తలుపుల పాత స్పోర్ట్స్ కారు. ఎర్రది. దాన్ని చేసిన కంపెనీ ఇప్పుడు లేదు. పొద్దస్తమానం "నిదానం, నిదానం" అని కారు నేర్చుకోవడానికి వచ్చినవాళ్లందరికీ చెప్పే నాకు ఆదివారాలు సాత్తూరు దాకా ఖాళీ రోడ్డు మీద దాన్ని పరుగెత్తించడం ఒక పిచ్చి. వేగం పెరిగితే దాని ముందు భాగం తేలికై స్టీరింగు చేతిలో తేలేది. ముందు బంపరు కింద స్పాయిలర్ అనే ఫైబర్ పట్టీ తగిలిస్తే గాలి కిందికి దూరదని విని, కోయంబత్తూరు నుంచి ఒకటి తెప్పించాను. మామ దానికి గడ్డం అని పేరు పెట్టాడు. "ఇంత ముసలిదానికి కొత్త గడ్డం ఏంటికే? ఎవురిని పెండ్లి చేసుకోను?" అనేవాడే గానీ, నేను ఎన్నేళ్లు అడిగినా బిగించలేదు. పాత రేకుకు కొత్త చిల్లు పెట్టడం ఆయనకు సుతరామూ ఇష్టం లేదు.

అలాంటివాడు పోయేముందు తనే ఫోన్ చేశాడు. "ఆ గడ్డం ఉండాదా? ఎత్తుకోని రా." ఎందుకు మనసు మారిందో అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు.

వెళ్లేసరికి షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. కారు ముందు భాగం, డ్రైవరు వైపు మూల, ఆయనకు దగ్గరగా వచ్చేలా నిలిపించాడు. "ఇన్నాళ్లు నిలబడితిని. ఇంక ముదలాళి మాదిరి కూర్చోని పని చేయిస్తా" అన్నాడు. ఆయన యజమానిలా కూర్చోవడమేంటని అందరం నవ్వాం. అట్ట మీద గీత ఆయనే గీశాడు. కొత్త చిల్లులు లేకుండా పాత బంపరు బోల్టులకే పట్టీలు తగిలించే ఉపాయం కూడా ఆయనదే. వదిన కింద పడుకుని బిగిస్తుంటే కుర్చీలోంచి చెప్తున్నాడు. "అవతలి పక్క కిందికి దించు. ఇంకా. కొంజం. చాలు, విడు."

"నాయనా, కోణగా ఉన్నట్లుండాదే" అంది వదిన.

"నా కండ్లకు నేరుగా ఉండాది. బిగించు."

ఆ రోజు ఆయన రోడ్డు దాటలేదు. కుర్చీలోంచే చెయ్యెత్తాడు. ఎండ ఎక్కువగా ఉందనుకున్నాను.

గడ్డం వంకరగానే ఉంది. ఎవరు చూసినా తెలుస్తుంది. డ్రైవరు వైపు సందులో ఒక పుల్ల పడితే అవతలి వైపు రెండు పడతాయి. ఆయన పోయాక చుట్టుపక్కల షెడ్లవాళ్లు నా కారు చూసి, ముసలాయనకు ఆఖర్లో చూపు పోయిందని అనడం మొదలుపెట్టారు. ఆ మాట వదిన చెవిన పడింది. షెడ్డు ఇప్పుడు ఆమెది. కర్మకాండలు అయిపోయాక నాకు ఫోన్ చేసింది. "బండి ఎత్తుకోని రావే. సరి చేద్దాం. నాయన పేరు ఇట్ల నిలవకూడదు."

నాకు ఇష్టం లేదు. వంకరైనా సరే, అది ఆయన ఆఖరి పని, అలాగే ఉండనీ అనిపించింది. అలాగని వంకర గడ్డంతో తిరుగుతూ ఆయన పరువు తీయడం నాకూ బాగాలేదు. ఏదీ తేల్చుకోలేకే విరుదునగర్ దాకా నడిపాను.

వదిన స్పానర్లు వెతుకుతుంటే నేను ఆ కుర్చీలో కూలబడ్డాను. కారు ఆ రోజు నిలిపిన చోటే నిలిపాం, కుర్చీ కూడా కదల్లేదు. తలెత్తి చూసి తెల్లబోయాను. గడ్డం తిన్నగా ఉంది. గీత గీసినట్టు ఉంది. లేచి నిలబడితే వంకర. మళ్లీ కూర్చుంటే తిన్నన.

"వదినా, ఇట్ల వచ్చి కూర్చో."

కూర్చుంది. ఒకసారి లేచి చూసి, మళ్లీ కూర్చుంది. తర్వాత మెల్లగా, "కండ్లు కాదే పోయినాది. కాళ్లు" అంది.

అప్పుడు ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆయన లేవలేకపోయాడు. ఆ మాట మాతో చెప్పలేక ముదలాళి వేషం వేశాడు. కూర్చున్న చోటు నుంచి ఎంత బాగా చూడగలడో అంత బాగా చూసి బిగించాడు. తెలిసి అలా ఉంచాడా, తెలియకనా? ఆయన లేడు అడగడానికి.

ఇంక ముట్టుకోదనుకున్నాను. వదిన ముక్కు తుడుచుకుని స్పానరు తీసుకుంది. "ఆయన ఉంటే ఏం చెప్పుండును? రోడ్డు దాటి చూడమనే గదా చెప్పుండును. పో."

దాటాను. టీ కొట్టు ముందు ఆయన నిలబడే చోట నిలబడ్డాను. వదిన మోకాళ్ల మీద కూర్చుని అవతలి కొసను మెల్లగా పైకెత్తుతోంది. మధ్యలో లారీలు అడ్డం వస్తున్నాయి, ఒక్కో లారీ పోయాక ఆమె మళ్లీ కనిపిస్తోంది, నా వైపే చూస్తూ. తిన్నగా అయింది. అయినా నా చెయ్యి లేవలేదు. టీ కొట్టతను నన్నూ అటూ మార్చి మార్చి చూశాడు. ఇంకో లారీ పోయాక చెయ్యెత్తాను. వదిన బిగించేసింది.

ఇప్పుడు రోడ్డు మీద పోయే ఎవరు చూసినా నా కారు గడ్డం తిన్నగా ఉంటుంది. షెడ్డులో ఆ కుర్చీలోంచి చూస్తే మాత్రం అవతలి కొస కాస్త పైకి లేచి ఉంటుంది. ఆ కుర్చీ ఇంకా అక్కడే ఉంది, ఎవరూ కూర్చోవడం లేదు.